తాళం తిప్పిన పిల్ల

"ఆ గౌను ఇలాగియ్యి అత్తా."

"ఇయ్యను."

"ఇయ్యవా?"

"ఇయ్యనంటే ఇయ్యనే! ఏం సేత్తావు, కొడతావా?"

మా అత్త నారాయణమ్మ పసుప్పచ్చ గౌను గుండెలకి అదుముకుని గది గుమ్మానికి అడ్డంగా కూకుంది. నాను సంచీలో ఒకటి పెడతన్నాను, ఆవిడ రెండు పీకేస్తంది. పొద్దున్న ఏడింటికి మొదలెట్టాం. తొమ్మిదైంది. సంచీ నిండనేదు, నోళ్ళు మూతపడనేదు.

అత్తంటే పరాయి మనిషి కాదు. మా అయ్యకి తోడబుట్టిన అప్ప. సిన్నప్పుడు నాకు తల దువ్వి జడేసిన మనిషి. నన్ను కోడలిగా తెచ్చుకున్న రోజున "మా రోజారమణి బంగారం" అని పద్మనాభం అంతా చాటింపేసింది. ఆ బంగారం గురువారం నుంచీ ఇత్తడైపోనాది.

"సెయ్యిరిగిన పిల్లని గాజువాక దాకా ఈడ్చుకుపోతావా? తల్లివేనా నువ్వు?"

"ఆ సెయ్యెవరింట ఇరిగిందో ముందది సెప్పు."

"ఇరిగింది, అతుక్కుంటాది. నీ మొగుడు ఈ ఇంట్లోనే పెరిగాడు, ట్రాక్టరు మడ్గార్డు మీద కూకునే పెరిగాడు. నెత్తి మీద మూడు కుట్లు పడ్డాయి. సచ్చిపోనాడా?"

"సచ్చిపోతే గానీ తెలీదేటి మీకు?"

ఆ మాట అనకూడదు. అనీసాను. అత్త మొహం తిప్పుకుంది.

మా బావ, అంటే నా మొగుడు గుణశేఖర్, వాకిట్లో మోటారుసైకిలు తుడుస్తన్నాడు. తుడిచిందే తుడుస్తన్నాడు. ఆటోనగర్లో లేతు మిషను మీద ఇనప కడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా కోస్తాడు గానీ, అమ్మకీ పెళ్ళానికీ మధ్యన ఒక్క మాట కొయ్యమంటే మాత్రం ఆయనకి సేతులాడవు.

"బావా! నువ్వైనా సెప్పు మీ అమ్మకి."

"ఏటి సెప్పమంటావే?"

"నోట్లో ఏటున్నాదో అది సెప్పు."

"నోట్లో ఏటీ నేదే," అన్నాడు, గుడ్డ పిండుకుంటా.

మా పైడి అరుగు మీద నులకమంచం ఎక్కి కూకుంది. అసలు పేరు పైడిశ్రీ. మొన్ననే ఐదేళ్ళు నిండాయి. ఎడం సేతికి మోచేతి దాకా తెల్ల కట్టు. ఆ కట్టు మీద ఆళ్ళ నాన్న సేత ట్రాక్టరు బొమ్మ గీయించుకుంది. అది కనబడినప్పుడల్లా నాను దాని మీద తువ్వాలు కప్పీస్తన్నాను.

"తాతేడీ?" అంది పైడి. "తాత ఇంటికి రాడేటి?"

అత్త నా వైపు సూసింది. నాను సంచీ వైపు సూసుకున్నాను.

తాత ఎందుకు రాడో ఈ ఇంట్లో పైడికి తప్ప అందరికీ తెలుసు. రావద్దన్నది నానే.

ఇప్పుడు దమ్ముల రోజులు. ట్రాక్టరుకి ఇనప చక్రాలు తగిలించి, నీళ్ళు నిండిన మడి బురద సేత్తారు. ఆ బురద నీళ్ళు లోపలికి దిగిపోయి బ్రేకు పట్టదు. అందుకని ఈ సుట్టుపక్కల ఏ రైతైనా బండిని గేర్లో పెట్టీసి, చక్రం కింద ఓ రాయి తోసీసి అన్నానికి ఎల్తాడు. తాళం మాత్రం తియ్యడు. బండి అడ్డుంటే ఇంకొకడు పక్కకి తీసుకోవాలి గదా. తాళం జేబులో యేసుకుపోయినోణ్ణి ఈ ఊళ్ళో సిన్నసూపు సూత్తారు.

గురువారం సాయంత్రం మా మావ అప్పలసూరి అలాగే కల్లంలో బండి పెట్టి, టీ తాగడానికి ఇంట్లోకొచ్చాడు. పైడి బండెక్కీసింది. తాళం తిప్పీసింది. గేర్లో ఉన్న బండి ఒక్క గెంతు గెంతి, రాయి దాటీసి, గడ్డిమేటులోకి ఎల్లిపోయింది. పిల్ల పక్కకి పడిపోయింది. పిల్ల తలకీ ఇనప చక్రానికీ మధ్య జానెడంట.

నానూ బావా వొచ్చీసరికి కట్టు కట్టించి ఇంటికి తెచ్చీసారు. మావ గుమ్మం దగ్గర నిలబడున్నాడు. పెళ్ళైన ఏడేళ్ళలో ఆయన ఎదురుగా కుర్చీలో కూడా కూకోలేదు నాను. ఆ రోజు మాత్రం ఈధి ఈధంతా వినపడేలాగ అరిసీసాను.

"నా పిల్లని ఇంక ముట్టుకోకు!"

"అలాగేనమ్మా," అన్నాడు. అంతే.

అప్పట్నుంచీ కల్లంలో పాకలోనే పడుకుంటన్నాడు. పెరటి గుమ్మం దగ్గరకొచ్చి కంచం అందుకుని పోతన్నాడు.

ఒక మాట సెప్తాను, ఎవరితోనూ అనకండి. ఆ తెల్ల కట్టు సూసినప్పుడు నా గుండాగిపోయింది, నిజమే. కానీ ఆ ఎనకాలే లోపల్నుంచి ఇంకో మాటొచ్చింది. ఇంక పిల్లని నా దగ్గరకి తెచ్చీసుకోవచ్చు, కాదనీ నోరు ఎవరికీ నేదు అని. సంతోషమో ఏటో, అలాటిదే వొచ్చింది. ఛీ, పాడు మనసు! ఏ తల్లికైనా అలాగ అనిపిస్తాదా?

మూడేళ్ళైంది. పైడికి రెండో ఏడు నిండగానే నానూ ఆటోనగర్లో బోల్టుల కంపెనీలో ప్యాకింగు పనికి సేరాను. గాజువాకలో ఒక్క గది. ఇద్దరం పనికి పోతే పిల్లని సూసీవోరు నేరు. "మా దగ్గరుంటాది, పాలూ పెరుగూ తిని పెరుగుతాది" అన్నారు అత్తా మావా. ఎవరి తప్పూ నేదు. అందరూ మంచికే అన్నారు. నాను కూడా తలూపాను.

ఊపిన తల దిండు మీద పెట్టుకుని ఎన్ని రాత్రులు ఏడిసానో నాకే తెలుసు. పిల్ల ఇడిసిన గౌనొకటి ఉతక్కుండా దాసుకున్నాను. మొదట్లో పిల్ల వాసనొచ్చీది. ఇప్పుడు ట్రంకుపెట్టి వాసనే వొస్తంది. పిల్లకి దవడ పళ్ళొత్తే నాను సూడనేదు. మాటొచ్చింది, పాటొచ్చింది, అన్నీ ఫోన్లోనే. నా షిఫ్టు రెండింటికి వొదుల్తారు. గదికొచ్చి ఇంత తిని నాలుగింటికి వీడియో కాల్ సేత్తాను. మూడేళ్ళుగా నాకు రోజంటే ఆ నాలుగింటి ఫోనే.

"వొగ్గీయ్ అత్తా. బస్సు దొరకదు."

"దొరక్కపోతే మంచిదే."

"మీకు పిల్లని సూసుకోడం సేతకాదని తేలిపోయింది గదా! ఐదేళ్ళ గుంటకి ట్రాక్టరు తాళం తిప్పడం ఎవరు నేర్పారు? మావే గదా? రోజూ ఒళ్ళో కూకోబెట్టుకుని తిప్పించాడు గదా?"

అత్త లేచి నిలబడిపోయింది. గౌను కింద పడిపోయింది.

"ఎవరి కోసం తిప్పించాడే? ఆఁ? ఎవరడిగీవోరు? నాలుగైతే సాలు, ఫోన్లో మొహం పెట్టి 'ఏదీ మా డ్రైవరమ్మ, ఏదీ ఒక్కపాలి స్టార్టు సెయ్యి' అని సప్పట్లు కొట్టిందెవరు? నానా? మీ మావా?"

"అమ్మా," అన్నాడు బావ వాకిట్లోంచి.

"నువ్వూరుకోరా! మూడ్రోజుల నుంచీ పడతన్నాను. గురువారం నీ ఫోను సూసుకున్నావే రోజా? నా ఫోను నుంచి నీకు వీడియో ఎన్నింటికొచ్చిందో ఒక్కపాలైనా సూసుకున్నావా?"

"అమ్మా! అయ్య సెప్పొద్దన్నాడు గదా!" అన్నాడు బావ. పొద్దున్నుంచీ ఆయన నోట్లోంచి గట్టిగా వొచ్చిన మాట అదొక్కటే.

ఏటి సెప్పొద్దన్నాడు? నాకర్థం కానేదు. ఫోను తీసాను.

ఆ వారం నాకు షిఫ్టు మార్చారు. మధ్యాన్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా. పనిలో ఉన్నంతసేపూ ఫోన్లు గేటు దగ్గర డబ్బాలో పెట్టీయాలి. సోమవారం నుంచీ నాలుగింటికి నాను ఫోను సెయ్యనేదు. అత్తకి సెప్పాను. పైడికి సెప్పనేదు. షిఫ్టంటే ఏటని సెప్పను ఆ గుంటకి?

గురువారం కంపెనీ గేటు దగ్గరికి బావొచ్చి నన్ను బైటికి పిలిసినప్పుడు ఫోన్లో ఎన్నో మిస్సుడు కాల్సున్నాయి. అన్నీ పిల్ల పడిపోయిందని సెప్పడానికి సేసినవే అనుకున్నాను. ఏదెప్పుడొచ్చిందో సూడనేదు.

ఇప్పుడు సూసాను. నాలుగూ ఆరుకి అత్త ఫోను నుంచి వీడియో కాల్. నాలుగూ ఎనిమిదికి ఇంకోటి. మావ ఫోను నుంచి మొదటి కాల్ నాలుగూ ఇరవైకి.

"ఆ రెండూ నువ్వు సేసావా అత్తా?" అన్నాను.

అత్త కోపమంతా దిగిపోయి, ఇప్పుడు నా మొహం సూడలేక నేల సూస్తంది.

నాను అరుగు మీదకొచ్చి పైడి పక్కన కూకున్నాను.

"పైడమ్మా, ఆ రోజు మామ్మ ఫోను నువ్వు తీసావా?"

పిల్ల భయపడిపోయి తాత కోసం అటూ ఇటూ సూసింది.

"తిట్టనమ్మా. సెప్పు."

"నీ బొమ్మ నొక్కాను. నువ్వెత్తనేదు."

"ఆఁ."

"మల్లీ నొక్కాను. మల్లీ ఎత్తనేదు. నువ్వు సాన రోజులు సెయ్యనేదు గదా. నాను బండి స్టార్టు సేత్తే ఎత్తుతావనీసి... బండి మీద పెట్టీసాను ఫోను. తాళం తిప్పీసాను." కాసేపు ఆగి, నా మొహంలోకి సూసి, మెల్లిగా అంది. "పొగ కూడా వొచ్చిందమ్మా. నువ్వు సూడనేదు."

ఓలమ్మో! ఆ మాటకి నాను ఏటైపోయానో సెప్పలేను.

ఫోన్లో నాకు కనబడీది ఒక్కటే. తాత ఒళ్ళో పిల్ల, పిల్ల సేతిలో తాళం. కింద క్లచ్చి మీద తాత కాలుండీది. అది నాకు కనబడీది కాదు, పిల్లకీ కనబడీది కాదు. పిల్లకి తాళం తిప్పితే బండి నవ్వుతాదనీ, బండి నవ్వితే అమ్మ నవ్వుతాదనీ తెలుసు. అంతే తెలుసు.

"అయ్యే వొద్దన్నాడు," అన్నాడు బావ, దగ్గరకొచ్చి నిలబడి. "'తల్లికి తెలిత్తే కుమిలిపోద్ది, తప్పు నాదనే ఉండనీండి' అన్నాడు. ఫోను గడ్డిలో దొరికితే అమ్మ సేతికిచ్చి ఒట్టేయించుకున్నాడు."

"నీకూ తెలుసా?"

"తెలుసు."

"మూడ్రోజులు నాను ఆయన్ని తిడతంటే విన్నావా?"

బావ మల్లీ గుడ్డ పిండుకోడం మొదలెట్టాడు. ఆ గుడ్డలో సుక్క నీరు నేదు.

అప్పుడే కల్లంలో ట్రాక్టరు స్టార్టయింది. పైడి మంచం దిగిపోయింది. "తాత బండి!"

అత్త పెరటి గుమ్మంలోంచి తొంగి సూసి నోటికి సెయ్యడ్డం పెట్టుకుంది. "వోడు తగరపువలస సన్యాసిరాజు! పాత బండ్లు కొనీ బేరగాడు. వోడెందుకొచ్చాడ్రా గుణా?"

అందరం కల్లానికి ఎల్లాం. పైడిని నానెత్తుకున్నాను. కట్టు నా మెడకి గట్టిగా తగుల్తంది.

సన్యాసిరాజు బండి సుట్టూ తిరుగుతా ముందు టైర్లని కాలితో తన్ని సూస్తన్నాడు. తెల్ల సొక్కా, సంకలో హెల్మెట్టు. మా మావ దూరంగా సేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడ్రోజులకే మనిషి సగమైపోయాడు. గెడ్డం పెరిగిపోయింది.

"అప్పలసూరి బావా, దమ్ముల మధ్యలో బండమ్మీవోణ్ణి నిన్నే సూస్తన్నాను," అన్నాడు సన్యాసిరాజు. "ఇంకా నలుగురి మళ్ళు ఒప్పుకున్నావంట గదా?"

"వేరేవోణ్ణి సూసుకోమన్నాను."

"ఇంజను సూత్తే బెల్లంముక్క లాగుంది. లోపలేదైనా రోగముంటే ఇప్పుడే సెప్పీ. తరవాత నన్నాడిపోసుకుంటారు."

"బండికేటీ రోగం నేదు."

"మరెందుకమ్ముతన్నావయ్యా?"

"ఇంట్లో సిన్నపిల్లున్నాది," అన్నాడు మావ.

సన్యాసిరాజు నవ్వబోయి, నా సంకలో పిల్లనీ, పిల్ల సేతి కట్టునీ సూసి, నవ్వు మింగీసాడు.

బావ నా సెవి దగ్గరకొచ్చాడు. "సూసావా రోజా? బండే తీసీస్తన్నాడు అయ్య. ఇంక భయమేటున్నాది? పిల్లిక్కడే ఉంటాది. మనం ఇప్పుడు బయల్దేరితే రేపు షిఫ్టుకి అందుకోవచ్చు." ఆయన గొంతులో ఎంత సుఖమో! మూడ్రోజుల్నుంచీ నెత్తిమీదున్న మూట దింపుకున్నట్టున్నాడు.

నిజమే. బండి పోతే భయం పోయింది. గొడవ పోయింది. మరి నాకు ఊపిరాడదేటి?

బండి పోతే నాకింక సెప్పుకోడానికి ఏటీ మిగల్దు. పిల్లనిక్కడే వొగ్గీసి మల్లీ గాజువాక ఎల్లిపోవాలి. మల్లీ నాలుగెప్పుడౌతాదా అని ఎదురుసూపు, మల్లీ ఆ అరసేతంత ఫోను. ఇంకో మూడేళ్ళు. ఇంకో ఐదేళ్ళు. పిల్లకి జడెయ్యడం కూడా ఫోన్లోనే సూడాలి నాను.

"మావా, బండమ్మకు."

అందరూ నా వైపు తిరిగారు. మావ తల దించుకునే ఉన్నాడు.

"అమ్మకపోతే నీకు భయం గదమ్మా."

"బండి భయం కాదు మావా నాది." పైడిని ఇంకా గట్టిగా అదుముకున్నాను. "భయమని సెప్పాను, అరిసాను, నిన్ను అనకూడని మాటలన్నాను. అన్నీ వొంకలే. బండున్నా, నేకపోయినా, నువ్వు దీన్ని బంగారంలాగే సూత్తావు. నాకు తెలుసు. కానీ నాకు నా పిల్ల కావాలి. పొద్దున్న లేత్తే పక్కన కనబడాలి. అన్నం నా సేత్తో తినాలి. అంతకంటే ఏటీ నేదు."

మూడేళ్ళుగా ఒక్కరితోనూ అనని మాట. బావతో కూడా అననేదు.

సన్యాసిరాజు బండి ఆపీసి, సెప్పకుండానే కల్లం బైటికి ఎల్లి నిలబడ్డాడు. మంచోడే పాపం.

"ఆ మాట మూడేళ్ళ కిందటే అనుంటే అయిపోను గదమ్మా," అన్నాడు మావ.

"ఎవరడిగారు మావా నన్ను?"

మావ మెల్లిగా అన్నాడు. "నిజమే. ఎవరమూ అడగనేదు."

అత్త ఎనకాల ముక్కు సీదింది.

"నాకు మట్టుకు అక్కర్లేదేటమ్మా పిల్ల?" అన్నాడాయన. "పొద్దున్న దాని కాళ్ళ సప్పుడు వినకపోతే నాకు పొలం తోవ కనబడదు. మడిలో బండి తిప్పుతన్నంతసేపూ గట్టు మీద కూకుని 'తాతా, ఆ మూల వొగ్గీసావు' అని నాకు తప్పులు పడతాది. మూడ్రోజుల్నుంచీ మూలలన్నీ వొగ్గీస్తన్నాను. ఉన్నదొక్క పిల్ల. అందరికీ అదే కావాల. ఏటి సేత్తాం?"

ఆయన ఎంత బాధపడినా పిల్లనిచ్చీసే మంచితనం నాకు నేదు.

"అక్కడెవరు సూత్తారు దీన్ని?"

"మాకు గది అద్దెకిచ్చిన ఇంటోలావిడ చాంద్ సుల్తానా అని, ఇంట్లోనే బట్టలు కుడతాది మావా. ఆవిడ మనవరాలు సుమయ్యా మన పైడి ఈడుదే. 'తెచ్చీయ్ బేటీ, ఇద్దరూ ఒక్కచోటే ఆడుకుంటారు' అంది."

"కుట్టుమిషన్లుంటాయా ఇంట్లో?"

"రెండున్నాయి."

"సూదులుంటాయి మరి. కత్తెర్లుంటాయి. ముందే సెప్పుకో ఆవిడకి. పిల్ల తాళం దగ్గర్నుంచి సూది దాకా ఏదీ వొగ్గదు." ఒక్క క్షణం ఆయన మొహంలో గర్వం లాటిది కనబడింది. వొంటనే పోయింది. "సరే. తీసుకెల్లమ్మా. నీ పిల్ల."

అత్త కయ్యిమంది. "అదేటి, అలాగనీసావు?"

"తల్లడిగింది నారాయణమ్మా. ఏటనమంటావు?"

అత్త నన్నొక సూపు సూసి ఇంట్లోకి ఎల్లిపోయింది. మల్లీ తగువుకి ఏదో వొస్తాదనుకున్నాను. సంచీ తెచ్చింది. గౌన్లన్నీ మడతపెట్టి సర్దీసింది. పైన ఓ సీసాడు నెయ్యి కూడా పెట్టింది.

"తాతా, ఎత్తుకో," అంది పైడి, నా సంకలోంచి మంచి సెయ్యి సాపి.

మావ సేతులు రెండూ ఎనక్కి పెట్టీసుకున్నాడు. నా మొహం సూసాడు.

"ముట్టుకోవచ్చామ్మా?"

అరవయ్యేళ్ళ మనిషి. నాకు మావ. ఆయన మనవరాలిని ఎత్తుకోడానికి నన్నడుగుతన్నాడు. భూమి బద్దలై నన్ను మింగీసినా బాగుణ్ణు. "నన్ను సెప్పుతో కొట్టు మావా," అని పిల్లనాయన సేతుల్లో పెట్టీసాను.

ఆయన పిల్లని భుజాన యేసుకుని కల్లం నుంచి వాకిలి దాకా నడిసాడు. నిమిషం తోవ. ఎంతసేపు నడిసాడో! దారంతా ఏదో సెప్తన్నాడు పిల్లకి. కట్టు తడపకూడదంట. అన్నం బేగి తినాలంట. బండ్లొచ్చినప్పుడు అమ్మ సెయ్యి వొదలకూడదంట.

బావ మోటారుసైకిలు స్టార్టు సేసాడు. ఆనందపురం దాకా దీని మీద ఎల్లి, అక్కడ నన్నూ పిల్లనీ బస్సెక్కిస్తానన్నాడు. నాను ఎనక ఎక్కి కూకున్నాను. సంచీ ముందు పెట్టుకున్నాడు.

అప్పటిదాకా పైడికి అర్థం కానట్టుంది. తాత కూడా వొస్తన్నాడనుకుందో ఏటో. మావ దాన్ని నా ఒళ్ళోకి దింపబోయేసరికి ఆయన సొక్కా పట్టీసుకుంది.

"తాత?"

"నాను రానమ్మా. నువ్వెల్లు. అమ్మ దగ్గరుంటావు."

"వొద్దు."

మావ ఆ సిన్న ఏళ్ళని ఒక్కోటీ సొక్కాలోంచి ఇడదీసాడు. పిల్లని నా ఒళ్ళో పెట్టీసి రెండడుగులు ఎనక్కేసాడు.

బండి కదిలింది.

అప్పుడరిసింది మా పైడి. అలాటి అరుపు నాను ఏ పిల్ల నోటంటా విననేదు.

"తాతా! నాను తాళం ముట్టుకోను తాతా! ఒట్టు! ఇంకెప్పుడూ ముట్టుకోను! నన్ను పంపీకు తాతా!"

పిల్ల దీన్ని శిక్షనుకుంటంది. తాళం తిప్పిందనీసి తాత ఇంట్లోంచి గెంటీస్తన్నాడనుకుంటంది. నా దగ్గరకి పంపడమే దానికి శిక్షంట! నాను మూడేళ్ళు ఏడిసింది దీనికేనా, దేవుడా?

"కాదమ్మా, కాదు తల్లీ, ఎవరూ నిన్నేటీ అనలేదు," అంటన్నాను. దానికి వినపడితేనా? గింజుకుంటంది. కట్టున్న సెయ్యి ఎక్కడ తగుల్తాదోనని రెండు సేతులా బిగించీసాను. నా భుజం మీద కొరికీసింది. పళ్ళు దిగాయి. నాను వొదల్నేదు.

ఎనక్కి తిరిగి సూడ్డానికి నాకు ధైర్యం సాల్నేదు.

"రోజా," అన్నాడు బావ. "ఆపీనా?"

"ఆపకు బావా. ఎల్లిపో. రెండ్రోజులకి అలవాటైపోద్ది."

"ఏడుస్తందే."

"నానూ ఏడుస్తన్నాను! ఏడేళ్ళలో నీకేం కావాలని ఒక్కరోజడిగావా నన్ను? ఇయాలొక్కటి అడిగాను. పోనీయ్ బండిని!"

ఊరు దాటీసాం. పొలాల మధ్యలో తోవ. రెండు పక్కలా దమ్ము సేసిన మళ్ళు. పిల్ల ఒక్కటే అంటంది, గొంతు పోయి, ఎక్కిళ్ళ మధ్యన. ముట్టుకోను తాతా, ముట్టుకోను.

పెళ్ళైన దగ్గర్నుంచి మా బావ నా మాటా కాదననేదు, ఆళ్ళమ్మ మాటా కాదననేదు. ఆ రోజు గట్టు పక్కకి తీసి, బండి ఆపీసి, తాళం తీసి జేబులో యేసుకున్నాడు.

"దిగు రోజా," అన్నాడు. "నాను మాటాడాల."